వెంట్రుకవాసి తేడా

"గడప వచ్చింది. కుడికాలు ఎత్తు. ఊఁ... ఇప్పుడు ఎడమది," అంటూ అతను భార్య చెయ్యి పట్టుకుని వంటింట్లోంచి నడవలోకి తీసుకొస్తున్నాడు.

ఆ గడప అరంగుళం ఎత్తుంటే గొప్ప. పాకే పిల్లలు కూడా దాన్ని పట్టించుకోరు. ఆవిడ మాత్రం దాని ముందు ఆగి, కాలి బొటనవేలితో తడిమి, మొగుడి మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి దాటింది. దాటాక "హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్య వింటే అతనికి ప్రాణం లేచొస్తుంది. దాని కోసమే రోజూ పెందరాళే లేచి, తన పనులన్నీ ఆపుకుని, ఆవిణ్ణి గదిలోంచి గదిలోకి తిప్పుతాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అది చూసి, మొగుడంటే అలా ఉండాలని తమ మొగుళ్ళను సాధిస్తుంటారు. వాళ్ళకేం తెలుసు పాపం!

మనిషి చూడ్డానికి ఒట్టి మామూలుగా ఉంటాడు. పొట్టీ కాదు, పొడుగూ కాదు. వీధిలో ఎదురొస్తే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. చేతులు మాత్రం చూడదగ్గవి. వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఇంకిపోయి ఎంత రుద్దినా పోదు. నీళ్ళలో నానీ నానీ వేలికొనలు ముడతలు పడ్డాయి. కుడి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో సానచక్రం ముందు కూర్చుని అద్దాలు అరగదియ్యడం అతని పని. ఆ పని తప్ప ఇంకో పని ఎరగడు.

షాపులో అతన్ని చుక్కలాయన అంటారు. తాగుడు సంగతి కాదు లెండి, ఆ అలవాటు లేదు. కళ్ళజోడులో అద్దం బిగించే ముందు దాని నడిమధ్యన సిరాతో ఒక చుక్క పెట్టుకోవాలి. ఆ చుక్క సరిగ్గా కంటిపాపకు ఎదురుగా వచ్చేట్టు కొలుచుకుని, దాన్నిబట్టి అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాలి. అద్దం పవరు ఎంత సరిగ్గా ఉన్నా, చుక్క పక్కకు పోయిందా, ఇక అంతే సంగతులు. నేల ఒక పక్కకు ఒరిగిపోతుంది, మెట్టు ఉన్నచోట ఉండదు, తల తిరుగుతుంది. ఆ చుక్క పెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. "నా చేతిలో చుక్క వెంట్రుకవాసి కూడా జరగదు" అని షాపులో అంటాడు, ఇంట్లో అంటాడు, టీకొట్టు దగ్గర అడగనివాళ్ళను కూడా ఆపి మరీ చెప్తాడు. పెళ్ళాం చెవులు ఆ మాట వినీ వినీ తుప్పుపట్టిపోయాయి.

ఆ మాట అబద్ధమేం కాదు. అతని చేతిలో చుక్క దానంతటది ఏనాడూ జరగలేదు. పెళ్ళాం కళ్ళజోడులో మాత్రం అతనే జరుపుతాడు.

ఆవిణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి, టీ కాచి, మిగిలిన పాలు స్టవ్వు మీద సన్నసెగన పెట్టి, అతను కప్పులు తెచ్చాడు. కప్పులోంచి వచ్చిన ఆవిరికి ఆవిడ అద్దాలు మసకబారాయి. తీసి, మొహం తువ్వాలుతో తుడుచుకుంటూ, జోడును పక్క కుర్చీలో పెట్టింది. అతను వెనక్కి చూసుకోకుండా వచ్చి దాని మీదే కూర్చున్నాడు. టప్పుమంది.

"బుద్ధుందా నీకు? కళ్ళజోడు కుర్చీలో పెడతారా ఎవరైనా?" అని గదమాయించాడు. కూర్చున్నదీ తనే, అరిచేదీ తనే.

"చూసుకోలేదండీ," అంది ఆవిడ. ఆ ఇంట్లో ఆవిడ రోజూ అనే మాటే అది.

ముక్కు మీద ఆనే చోట ఫ్రేము రెండు ముక్కలైంది. ఇంట్లో ఇంకో జోడు లేదు. కొత్తది చేసినప్పుడల్లా పాతదాన్ని పట్టుకెళ్ళి పారేస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుందేమోనని అతని భయం. ఇన్నాళ్ళూ మర బిగించడం లాంటి చిన్న చిన్న పనులు ఆవిడ పడుకున్నాక ఇంట్లోనే చేసేవాడు. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. కొత్త ఫ్రేము కావాలి, సాన కావాలి.

"సాయంత్రం బాగుచేసి తెస్తాను. అప్పటిదాకా ఈ కుర్చీలోంచి లేవకు. జోడు లేకుండా అడుగు తీసి అడుగు వేశావంటే ఉన్న చూపు కూడా పోతుంది. గుర్తుందిగా?"

"ఉందండీ."

లేకేం! పెళ్ళయిన కొత్తల్లోనే మొదలుపెట్టిన పాఠం అది. కంటి వెనక నరాలు బలహీనం, మందు లేదు, జోడే ఆధారం. మంచం దిగక ముందే పెట్టుకోవాలి, మంచం ఎక్కాకే తియ్యాలి. డాక్టరు చెప్పాడన్నాడు. ఏ డాక్టరో ఆవిడ అడగలేదు, అడిగే ధైర్యం అప్పటికే పోయింది. అతను విరిగిన ముక్కలు చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోపంలో స్టవ్వు మీద పాలున్న సంగతే మరిచిపోయాడు.

షాపు పెద్దరోడ్డు మీద ఉంది. ముందు అద్దాల తలుపు, గోడల నిండా ఫ్రేములు, వెనక చీకటిగది. రెంటికీ మధ్య గోడలో ఒక కిటికీ. ముందునుంచి పని ట్రేలో పెట్టి ఆ కిటికీలోంచి లోపలికి తోస్తారు, పూర్తయ్యాక అతను అదే ట్రేని బయటికి తోస్తాడు. లోపల గోడల మీద తెల్లటి తడి పేరుకుని ఉంటుంది. చక్రం మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే, అద్దం అంచు కీచుమంటుంది. అతను ఆ కీచు వింటూనే అంచు ఎంత అరిగిందో చెప్పగలడు.

ఆవేళ ట్రేని విసిరినట్టుగా తోసింది కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి. కొత్తగా చేరింది, చదువుకుని వచ్చింది. తనతో బాటు ఒక మిషను తెప్పించింది. అద్దం దాని మీద పెడితే పవరెంతో, మధ్యచుక్క ఎక్కడో అదే చెప్పేస్తుంది. చేరిన రోజునే, "మేస్త్రీ గారూ, మీరు చేసినవి కూడా ఓసారి దీని మీద పెట్టి చూస్తాను, ఏమనుకోకండి" అంది. అతను అనుకున్నాడు, గట్టిగానే అనుకున్నాడు. "నేను సాన పట్టేనాటికి నువ్వు పాలసీసా పట్టుకుని ఉంటావు. నా చుక్కకు నువ్వు పరీక్ష పెడతావా?" అని అందరి ముందూ ఆ పిల్లను దులిపేశాడు. యజమాని నవ్వి, పోనీలే అన్నాడు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ట్రేలే మాట్లాడుకుంటాయి, అవి కూడా దెబ్బలాడుకున్నట్టే.

"కార్ఖానా వాళ్ళ జోళ్ళన్నీ ఇవాళే వెళ్ళాలి. ముందు అవి కానియ్యి," అని యజమాని కిటికీలోంచి తల పెట్టి చెప్పాడు. లావుపాటి మనిషి, తల పెడితే కిటికీ నిండిపోతుంది.

అతను చేతిరుమాలు మూటను బల్ల సొరుగులో పడేసి పనిలో కూర్చున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, బుర్ర ఇంటి చుట్టూ తిరుగుతోంది. లేచి ఉంటుందా? లేవదు. లేచినా గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసి భయపడి కూర్చుంటుంది.

ఆవిడ మొదట వచ్చింది ఈ షాపుకే. అప్పట్లో బొమ్మల దుకాణంలో రంగులు వేసే పని చేసేది. చెక్కబొమ్మలకు కళ్ళూ కనుబొమలూ దిద్దడం ఆవిడ వంతు. పగిలిన కళ్ళజోడుకు బంక కాగితం అంటించుకుని వచ్చింది. అతను కొత్తది చేసి, స్వయంగా బయటికి వచ్చి పెట్టాడు. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి పైకి చూసి, "అయ్యో, అవి పావురాలా! ఇన్నాళ్ళూ గోడ మీద మరకలనుకున్నాను!" అని పకపకా నవ్వింది. వెనక్కి తిరిగి అతని వైపు చూసి "మీ చలవే" అంది. అతనంతటి మొద్దుకు కూడా గుండె జారిపోయింది. ఆవిడకీ అతనంటే ఇష్టమే కలిగింది. ఇద్దరూ మనసుపడే పెళ్ళి చేసుకున్నారు. ఆ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది.

పెళ్ళయ్యాక వచ్చింది తంటా. ఆవిడ లోకాన్నంతా చూడ్డం మొదలుపెట్టింది. బస్సులో అతనితో మాట్లాడుతూనే కిటికీలోంచి బయటికి చూసేది. దుకాణంలో తోటి రంగులాయన చెప్పిన జోకు ఇంటికి మోసుకొచ్చి, చెప్తూ చెప్తూ తనే నవ్వేది. నా అద్దాల్లోంచి వాణ్ణి చూస్తోంది అనే పురుగు ఒకటి అతని బుర్రలో దూరింది. తొలుస్తూనే ఉంది. ఒకనాడు ఆవిడకు కొత్త జోడు చేస్తూ చుక్కను కాస్త జరిపాడు. కాస్తే. మర్నాడు ఆవిడ మెట్ల మీద తూలి అతని భుజం పట్టుకుని, "మీరు లేకపోతే ఏమైపోయేదాన్ని!" అంది. ఆ మాటకు అతను కరిగి నీరైపోయాడు. ఆ మాట మళ్ళీ మళ్ళీ వినాలనిపించింది.

కళ్ళు ఆ వంకరకు అలవాటుపడినప్పుడల్లా ఇంకో జోడు చేసేవాడు. ఒక అద్దంలో చుక్క పైకి, ఇంకోదాంట్లో కిందికి. ఆవిడ కుంచె బొమ్మ కంటి మీద పడాల్సింది చెంప మీద పడసాగింది. పని మానేసింది. తర్వాత బస్సు మానేసింది, బజారు మానేసింది. వాళ్ళ అక్క వచ్చి, ఇంకెక్కడైనా చూపిద్దామంటే, "కళ్ళజోళ్ళ గురించి నాకే చెప్తారా మీరు?" అని వీధంతా వినపడేలా రంకెలేసి, ఇంటి గడప తొక్కొద్దన్నాడు. ఆ అక్క మళ్ళీ తొక్కలేదు.

ఇదంతా ప్రేమేనని అతని నమ్మకం. కొట్టలేదు, తిండికి మాడ్చలేదు, చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఇంకేం కావాలి ఆడదానికి అంటాడు. వినేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది గానీ, తనంత మంచి మొగుడు లోకంలో లేడని అతను నిజంగానే అనుకుంటాడు. అతనికి ఉన్నది ఒకటే భయం, ఇంకొకరెవరైనా ఆవిడ కళ్ళలోకి చూస్తారని.

మధ్యాహ్నం ఎండ అద్దాల తలుపు మీద పడుతున్న వేళ, అతను మెడ నొప్పికి తలెత్తి కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. అవతలి పక్క ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులు, నలిగిన బట్టలు. కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసి, వస్తున్న కారుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపి, గబగబా రోడ్డు దాటేసింది. అచ్చం మా ఆవిడలా ఉందే అనుకున్నాడు. మా ఆవిడే అని తెలిసేసరికి చేతిలో అద్దం చక్రానికి ఒరుసుకుని అంచు పెచ్చులూడింది. అతని చేతిలో అద్దం చెడడం షాపులో ఎవరూ చూసి ఎరగరు.

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చెమటతో మొహమంతా తడిసి, ఆయాసపడుతూ నవ్వుతోంది. "మా ఆయన ఇక్కడే లోపల చేస్తారు," అంది కళ్ళ అమ్మాయితో. అంతలో అతను పరుగున బయటికి వచ్చాడు.

"ఏమండీ! ఒక్కదాన్నే వచ్చేశానండీ!"

"ఎవరు లేవమన్నారు నిన్ను?"

"మీరు పాలు స్టవ్వు మీద వదిలేసి వెళ్ళిపోయారు కదండీ. మాడు వాసన వచ్చేసరికి పరిగెత్తాను. పరిగెత్తానండీ! స్టవ్వు ఆర్పాక గుర్తొచ్చింది, మధ్యలో గడప ఉండాలి కదా అని. నేల తిన్నగా ఉంది. మెట్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను. మసకమసకగానే ఉందనుకోండి, బోర్డులవీ కనపడలేదు, వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటూ వచ్చాను. కానీ కళ్ళు తిరగలేదండీ! నరాలు బాగుపడినట్టున్నాయి. ముందు మీకే చెప్దామని ఇలా వచ్చేశా."

ముందు అతనికే చెప్దామని వచ్చింది. వినండి! ఇన్నేళ్ళు మూలన కూర్చోబెట్టినవాడికి ఆ శుభవార్త అందరికంటే ముందు చెప్దామని, జోడులేని కళ్ళతో ఊరంతా దాటుకుని వచ్చింది.

"నోరు మూసుకుని పద ఇంటికి," అన్నాడతను.

"నరాలేమిటండీ? ఏ నరాలు?" అని కళ్ళ అమ్మాయి దగ్గరికొచ్చింది.

"కంటి వెనక నరాలమ్మా. బలహీనమట."

"ఎవరు చెప్పారు? ఇలా వచ్చి కూర్చోండి, చూస్తాను."

"అక్కర్లేదు. నా పెళ్ళాం సంగతి నాకు తెలుసు," అని అతను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

యజమాని కుర్చీలోంచే, "చూడనీవయ్యా. మనింటి ఆడవాళ్ళ కళ్ళు మన షాపులో కాక ఇంకెక్కడ చూస్తారు? నువ్వెందుకలా ఎగురుతున్నావు?" అన్నాడు. ఎందుకో ఎలా చెప్తాడు! చెయ్యి వదిలేశాడు.

ఆవిడ ఎత్తు కుర్చీలో కూర్చుంది. ఆ అమ్మాయి కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది. అక్షరాలు చదివించింది, అద్దాలు మార్చి మార్చి మళ్ళీ చదివించింది. కిందివరుస దాకా చదివాక ఆవిడ చిన్నపిల్లలా కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది.

"నరాలకు ఏ రోగమూ లేదు. దూరపు చూపు కాస్త తక్కువ, బోలెడుమందికి ఉండేదే," అంది అమ్మాయి.

"మరి నేల ఒరుగుతుంది కదమ్మా?"

"మీరు పెట్టుకునే జోడేది?"

"పారేశాను," అన్నాడతను.

"అదేమిటండీ, సాయంత్రం బాగుచేసి తెస్తానన్నారుగా?" అంది ఆవిడ. పాపం, సాయం చేస్తున్నాననుకుంది.

యజమాని ఈసారి లేచాడు. లోపలికి వెళ్ళి సొరుగు లాగి, చేతిరుమాలు మూట తెచ్చి అమ్మాయి ముందు పెట్టాడు. అమ్మాయి రెండు ముక్కల్నీ ఒకటొకటిగా మిషను మీద పెట్టి, మధ్య ఎక్కడో చూసి, ఎర్రసిరాతో చుక్క పెట్టింది. తర్వాత రెండు ముక్కలూ చేర్చి ఆవిడ మొహం మీద పట్టుకుని చూసింది.

"ఓనరు గారూ, ఓసారి ఇటు రండి."

ఎర్రచుక్క ఒకటి ఆవిడ కనురెప్ప దగ్గరుంది. రెండోది కంటి కిందికి దిగిపోయింది. కంటిపాపకు ఎదురుగా రెండూ లేవు.

"ఇవి పెట్టుకుని మనిషి నిలబడడమే ఎక్కువ. నడవడం కూడానా!" అంది అమ్మాయి. ఆమె గొంతులో గెలిచానన్న సంతోషం ఏమీ లేదు.

"ఎవడు చేశాడయ్యా ఈ వెధవ పని?" అన్నాడు యజమాని.

ఇంకెవరో చేశారని చెప్పడానికి లేదు, పెళ్ళాం ఎదురుగానే ఉంది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నాలుక ఎంత మొరాయించినా ఆ మాట అనక తప్పలేదు.

"పొరపాటు. పొరపాటు జరిగింది."

ఆవిడ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "పొరపాటా? మీ చేతిలోనా?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. రోజూ పొద్దున టీ తాగుతూ అతను చెప్పే మాటను ఈ భూమ్మీద మనస్ఫూర్తిగా నమ్మింది ఆవిడ ఒక్కతే.

అతను వేళ్ళ సందుల్లోని పొడిని గోటితో గోక్కుంటున్నాడు.

"దీనికి ముందు జోడు?" అంది ఆవిడ.

లోపల ఆపకుండా వదిలేసిన చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దానికి ముందుది?"

అతను యజమాని వైపు చూశాడు, నేల వైపు చూశాడు, గోడ మీది ఫ్రేముల వైపు చూశాడు.

"మొట్టమొదటిది బాగుండేదండీ," అంది ఆవిడ, తనలో తను అనుకుంటున్నట్టుగా. "పావురాలు కనిపించాయి." ఆ మాటతో ఆ నవ్వు కాస్తా పోయింది. కుర్చీ దిగి, ఎవరి సాయమూ లేకుండా నడిచి, కళ్ళ అమ్మాయి పక్కన బల్ల మీద కూర్చుంది. "నాకు కొత్త జోడు కావాలి. ఇప్పుడే కావాలి," అంది. ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు.

చేసేవాడు షాపులో ఇంకెవరూ లేరు. యజమాని ఒక ఫ్రేము తీసి అతని ముందు గిరాటేశాడు. అతను లోపలికి వెళ్ళి చక్రం ముందు కూర్చున్నాడు. అద్దం తీసి, కొలిచి, చుక్క పెట్టాడు. సిరాపుల్ల అద్దం మీద ఆన్చేటప్పుడు ఒక్క క్షణం ఆ పాత దుర్బుద్ధి మళ్ళీ తొంగిచూసింది. కాస్తే, ఎవరికీ తెలియనంత. కానీ జరపలేదు. పశ్చాత్తాపం అనుకునేరు, అదేం కాదు. పొరపాటు అన్న మాట తన నోట తనే అన్నందుకు ఒళ్ళంతా మండిపోతోంది. చుక్క ఎలా పెట్టాలో ఆ పిల్లకూ, ఆ లావుపాటివాడికీ చూపించాలనే పంతం పట్టింది. జన్మలో ఎన్నడూ చెయ్యనంత శ్రద్ధగా చేశాడు. అంచులు తడిమి చూసుకుంటూ, కీచు వింటూ, ఊపిరి బిగబట్టి ఫ్రేములో కూర్చోబెట్టాడు. అంత బాగా చేసి తన తప్పు తనే రుజువు చేస్తున్నానన్న ఇంగితం ఆ గర్వానికి తట్టలేదు.

అమ్మాయి దాన్ని మిషను మీద పెట్టి చూసి, ఆవిడ చేతికిచ్చింది.

ఆవిడ పెట్టుకుంది. ముందు నేలను చూసింది. పాదాలు చూసుకుంది. రోడ్డు అవతల బోర్డులు ఒకటొకటి పైకి చదివింది. అప్పుడు తిరిగి మొగుణ్ణి చూసింది. నుదుటి మీది గీతలు, చెవుల్లో నెరిసిన వెంట్రుకలు, కింది పెదవి అదురుతుండడం, అన్నీ తీరిగ్గా చూసింది. అతను ఆ చూపుకు తలదించుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అతన్ని అంత స్పష్టంగా చూడ్డం అదే మొదలు.

"ఎంత బాగా చేశారు!" అంది. "వెంట్రుకవాసి తేడా లేదు."

ఆవిడ గుమ్మం వైపు నడిచింది. "ఆగు, నేనూ వస్తాను. రోడ్డు మీద బళ్ళు..." అంటూ అతను చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతి వైపు చూసింది. ముడతలు పడిన వేలికొనల్నీ, అరిగిన గోరునూ చూసింది. పట్టుకోలేదు.

"దారి కనిపిస్తోంది లెండి," అని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

వెంటబడి వెళ్ళేవాడే. యజమాని గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ముందు ఆ జోళ్ళు పూర్తిచెయ్యి. రేపట్నుంచి నువ్వు చేసిన ప్రతి అద్దం ఆ అమ్మాయి చూశాకే బయటికి వెళ్తుంది. ఇష్టమైతే ఉండు, లేకపోతే పో. ఇంట్లో మనిషికే ఇలా చేసినవాడివి, ఊళ్ళోవాళ్ళకు ఏం చేశావో అని నాకు గుండె దడగా ఉంది," అన్నాడు. కళ్ళ అమ్మాయి అతను ముట్టుకున్న కుర్చీని కూడా తడిగుడ్డతో తుడిచింది.

అతను వెనకగదిలో కూర్చుని, ట్రే తర్వాత ట్రే పూర్తిచేశాడు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. నాలుగు ఏడుపులు ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడదు. కాళ్ళు పట్టుకుంటే కరగని మనిషి కాదు. ప్రేమకొద్దీ చేశానని చెప్పాలి. నిన్ను ఇంకొకరు చూస్తే ఓర్చుకోలేకపోయానని చెప్పాలి. ఆ మాటలు చక్రం కీచులో పదేపదే అనుకుని చూసుకున్నాడు. బాగానే ఉన్నాయనిపించింది. తన మాటలకు తనకే కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి.

పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చేసరికి, కింది వాటా పిన్నిగారు మెట్ల దగ్గరే కాచుకుని ఉంది. పొద్దున దాకా అతన్ని చూస్తే బాబూ బాబూ అని నోరారా పిలిచే మనిషి. ఇప్పుడు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఏమైందండీ పిన్నిగారూ?"

"మీ ఆవిడ వాళ్ళక్కకు ఫోను చెయ్యాలంటే నా ఫోనిచ్చాను. ఆ అక్కే వచ్చి తీసుకెళ్ళింది. జాగ్రత్తమ్మా, మెట్లు, చెయ్యి పట్టుకోనా అంటే, వద్దు పిన్నీ అని సంచీ భుజానేసుకుని దడదడా దిగిపోయింది. అంతా చెప్పిందయ్యా నాకు. నిన్ను చూపించి మా ఆయన్ను ఎన్ని మాటలన్నాను నేను!" అని ఛీ కొట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

అతను మెట్లెక్కాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. "ఏమే," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. వంటగది శుభ్రంగా ఉంది. మాడిన గిన్నె తోమి బోర్లించి ఉంది. అలమరలో ఆవిడ బట్టలుండే చోట చెక్క కనిపిస్తోంది. చెప్పాలని కూడబలుక్కున్న మాటలు నోట్లోనే ఉన్నాయి, వినేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఇక ఎవరూ మిగల్లేదని అప్పటికి తెలిసొచ్చింది. అతను మంచం పట్టె మీద కూలబడి, ఎదురుగా కుర్చీ మీద ఉన్న తన చొక్కా కేసి చూశాడు. దాని చెయ్యి కాస్త చిరిగి చాలా రోజులైంది. ఇవాళ ఆవిడ కుట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఎందుకు మొదలుపెట్టిందో, ఏం గుర్తొచ్చి ఆపేసిందో అతనికి తెలియదు. ఇన్నేళ్ళూ ఆవిడ సూదీ దారం రెండు చేతుల్లో పట్టుకొచ్చి, కాస్త ఎక్కించి పెట్టండి అని అతని ముందు నిలబడేది.

కుట్లు చిన్నచిన్నగా, దగ్గరదగ్గరగా, ఒకే వరుసలో పడ్డాయి. సగం మూసుకున్న చిరుగు చివర, దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.